తొమ్మిది గోటిగాట్లు

ఈ ఏడు గుండ్రవీధిలో కూరగాయల దిగుబడి ఎంతో సంతృప్తికరంగా ఉన్నట్టు పెరటి పంటల సంఘం ప్రకటించింది. వీధిలోని తొమ్మిది ఇళ్ళలో ఎనిమిదింట ఒక్క పిందె కూడా నిలవలేదన్న మాట నిజమే. మిగిలిన ఒక్క ఇంట కాసినది కాయ కాదని సంఘం తీర్మానించిన మాట కూడా నిజమే. అయితే దిగుబడికీ కాయడానికీ సంబంధం ఏమిటని ఆ వీధిలో ఎవరూ అడగలేదు. చదువుకున్నవాళ్ళ వీధి అది.

కాలం మాత్రం కలిసిరాలేదు. మొక్కలు పూతకు వచ్చేదాకా చినుకు లేదు. పూత రాగానే ఇరవై రోజులు విడవకుండా కురిసింది. పూత మొత్తం రాలాక ఎండ కాసింది. ఆ ఎండకు పురుగు బాగా ఒళ్ళు చేసింది. పురుగుకు ఇంత మంచి కాలాన్ని ఆ చుట్టుపక్కల ఎవరూ చూసి ఎరగరు.

సభ్యుల కృషిలో లోపం ఉందని ఎవరైనా అంటే కళ్ళు పోతాయి. సంఘాధ్యక్షులు పెద్దసారు నలభై ఏళ్ళు లెక్కలు చెప్పి రిటైరైన హెడ్మాస్టరు. రోజూ పొద్దున్నే తన సొరపాదు ముందు నిలబడి క్రమశిక్షణ మీద అరగంట మాట్లాడేవారు. పాదు నాలుగు రోజులు విని, అయిదో రోజున గోడెక్కి అవతలికి దిగిపోయింది. తేనెటీగలు రావడం లేదని పళ్ళ డాక్టరు మెత్తని బ్రష్షుతో పువ్వు పువ్వునూ తోమారు. పువ్వులు మెరిశాయి, తర్వాత రాలాయి. దర్జీ తన టమాటా మొక్కలకు కొలతలు తీసి ఎండకు టోపీలు కుట్టాడు. మొక్కలు టోపీలకు సరిపోయేంత ఎదగలేదు. కొలత తప్పు తనది కాదని దర్జీ ఇప్పటికీ అంటాడు.

ఎనిమిదో ఇంటాయన తూనికలాయన. ముప్పై రెండేళ్ళు అంగళ్ళలో తక్కెడలు, తూకపురాళ్ళు తనిఖీ చేసి ముద్ర వేసే ఉద్యోగం చేశాడు. ఒక్క దొంగ తూకానికి కూడా ముద్ర వేయలేదు. అందుకే పదవీ విరమణ సభకు వర్తకులెవరూ రాలేదు. మేడ మీద ఇరవై నాలుగు కుండీలు పెట్టి, ఒక్కోదానికి పూటకు సరిగ్గా ముప్పావు లీటరు నీళ్ళు పోసేవాడు. వాన కురిసిన రోజుల్లోనూ పోశాడు. వాన కొలతను ఎవరూ ధ్రువీకరించలేదు కదా.

ఆ మేడ మీద పూర్వం ఆయన భార్య బట్టలారేసే తీగలు రెండుండేవి. కుండీలు వచ్చిన నాటి నుంచి, అంటే మూడేళ్ళుగా, బట్టలు ముందుగదిలో ఆరుతున్నాయి. ఇంటికి వచ్చినవాళ్ళు తడి దుప్పటిని తలతో తప్పించుకుని కుర్చీ వెతుక్కోవాలి. ఆవిడ మాటకారి కాదు. మూడేళ్ళకు ఒకసారి మాట్లాడింది.

"ఏమండీ, ఈ కాలంలో మీ మేడ మీంచి ఒక్క పూట కూరకు సరిపడా దిగకపోతే నా తీగలు నేను కట్టుకుంటాను. కుండీలు ఎక్కడ పెట్టుకుంటారో మీ ఇష్టం. నెత్తిన పెట్టుకున్నా నేనేం అనను."

తూనికలాయన మేడెక్కి తన మొత్తం పంటను తూచి చూశాడు. బొటనవేలంత వంకాయ ఒకటి. ఒక పక్క చిన్న కన్నం. పదకొండు గ్రాములు. కన్నం తీసేస్తే పదిన్నర. ఇద్దరికి ఒక పూట కూరకు ఎంత తక్కువైనా నాలుగొందల గ్రాములు కావాలని ఆయనకు తెలియకపోలేదు.

ఇక్కడ సంఘం ఏడో నియమం గురించి చెప్పాలి. ఎవరి పెరట్లో తొలికాయ కాసినా అది వండుకోకుండా కుడిపక్క ఇంటికి పంపాలి. ఇరుగుపొరుగు సఖ్యతగా ఉండాలని పెట్టిన నియమం. వార్షిక సభ నాటికి తొలికాయ పంపని ఇంటి గేటుకు 'బంజరు' అని బోర్డు తగిలిస్తారు. అది ఏడాది పాటు ఉంటుంది. ఇవన్నీ రాసిన పెద్దసారు ఒక్క సంగతి మరిచిపోయారు. నీళ్ళట్యాంకు చుట్టూ వేసిన వీధి అది. కుడిపక్కకు పోతూ ఉంటే మళ్ళీ మొదటి ఇంటికే వస్తాం.

సభకు వారం ఉందనగా, మొదటి ఇంటివారైన పెద్దసారు గారి తొలికాయ రెండో ఇంటికి వెళ్ళింది. సొరకాయ. ఆయన సొరపాదు గోడ దూకి రెండు నెలలైంది గాని, ఆ విషయం ఎవరూ తలుచుకోలేదు. రెండో ఇంటివారు గోరుతో నొక్కి చూశారు. ముదురు. వండితే ఉడకదు, పంపితే గౌరవం. కాయకు కట్టిన చీటీ విప్పి, తమ పేరు చీటీ కట్టి మూడో ఇంటికి పంపారు. చెట్టు పేరు చెప్పి కాయలమ్ముకోవడం పాత పద్ధతి. ఇక్కడ చెట్టు కూడా అవసరం లేకపోయింది.

అయిదో రోజు మధ్యాహ్నం ఏడో ఇంటి దర్జీ భార్య ఆ కాయను చంటిబిడ్డలా రెండు చేతులా ఎత్తుకుని ఎనిమిదో ఇంటికి వచ్చింది.

"వదినా, మా తొలికాయ! మూడు కేజీలు తూగింది. ఎంత లేతో, కావాలంటే గోరు పెట్టి చూడండి."

"మీరు పెట్టి చూసినట్టే ఉన్నారుగా వదినా," అంది తూనికలాయన భార్య.

"ఒక్కసారి నొక్కానంతే."

"మిగతా ఆరు?"

దర్జీ భార్య నోట్లో పచ్చి వెలక్కాయ పడ్డట్టయింది. "పొయ్యి మీద పాలు పెట్టి వచ్చాను," అని వెళ్ళిపోయింది. ఆ ఇంట్లో పాలు మధ్యాహ్నం పూట కాస్తారు కాబోలు.

తూనికలాయన కాయను తక్కెడలో పెట్టాడు. కిలో ఎనిమిదొందల నలభై. తొడిమను చూశాడు. మొక్క నుంచి తుంచింది కాదు, తోపుడుబండి వాళ్ళు కోసే పెద్ద కత్తితో కోసింది. గాట్లను కళ్ళద్దాలతో పరీక్షించాడు. మొదటిది ఎండి గోధుమరంగుకు తిరిగింది. ఏడోది ఇంకా తడిగా ఉంది. వీధి మొత్తం ఆ కాయ మీద వరసగా సంతకాలు పెట్టి ఉంది.

"నేను వంకాయనే పంపుతాను," అన్నాడు.

"తొమ్మిదో ఇంటి డాక్టరుగారికా? ఆయన పంటి సందుకు కూడా చాలదు. గేటుకు పడే బంజరు బోర్డు మాత్రం మీరే తుడుచుకోండి రోజూ."

"పోనీ ఈ సొరకాయ వండేయ్. పూట కూర అవుతుంది."

"అది మీ మేడ మీంచి దిగిందా?"

ఆయన రెండు గంటలు కాయ ముందు కూర్చున్నాడు. తర్వాత ఎడమచేతి బొటనవేలి గోటితో మెల్లగా నొక్కాడు. నొక్కి చూడడం తనిఖీయే గాని మోసం కాదని తనకు తాను చెప్పుకున్నాడు. ఆ చేతికి ఇంతకు ముందు అలాంటి అలవాటు లేదు. చీటీ మార్చి, తేలు కుట్టిన దొంగలా తొమ్మిదో ఇంటి గడపలో పెట్టి వచ్చాడు.

సభ రోజున ట్యాంకు కింద బల్ల వేసి, తెల్లగుడ్డ పరిచి, మధ్యలో ఆ కాయను ఉంచారు. పళ్ళ డాక్టరు గారి తొలికాయగా అది పొద్దున్నే పెద్దసారింటికి చేరింది. పెద్దసారు దాన్ని అటూ ఇటూ తిప్పి గాట్లు లెక్కపెట్టారు. తొమ్మిది. అందులో మొదటిది బండి దగ్గర తాను పెట్టినదే. నలభై ఏళ్ళు లెక్కలు చెప్పిన మనిషి. తలెత్తి ఎనిమిది ఇళ్ళవాళ్ళ వైపు చూశారు. అందరూ నేల చూస్తున్నారు. అప్పుడాయన గొంతు సవరించుకున్నారు.

"సోదర సోదరీమణులారా! ప్రకృతి మనకు సహకరించలేదు. మనం ఒకరికొకరం సహకరించుకున్నాం. తొమ్మిది ఇళ్ళు, తొమ్మిది తొలికాయలు! సభ్యులు నిజాయతీగా చెప్పిన తూకాలన్నీ కలిపితే ముప్పై ఒక్క కిలోలు! ఒక్క బంజరు ఇల్లు లేదు! ఇక దీన్ని ధ్రువీకరించవలసిందిగా, జీవితమంతా సత్యానికే ముద్ర వేసిన మన తూనికలాయనను కోరుతున్నాను. ఈ ఏటి ఉత్తమ సాగుదారు జ్ఞాపిక కూడా వారికే!"

తూనికలాయన లేచి జేబులోంచి వంకాయ తీసి సొరకాయ పక్కన పెట్టాడు.

"మొక్కకు కాసింది ఇదొక్కటే సార్."

అందరూ నేల మీంచి చూపులు వంకాయ మీదికి మార్చారు.

"అన్నయ్యగారూ," అన్నాడు దర్జీ బతిమాలుతూ, "దీన్ని కలిపితే వీధి సగటు పడిపోతుందండీ. మీ ఒక్కరి కోసం అందరం ఎందుకు తగ్గాలి?"

పళ్ళ డాక్టరు వంకాయను వెలుగుకు ఎత్తి కన్నంలోకి చూశారు. "పుచ్చింది. తీసెయ్యాలి," అన్నారు.

అది కాయ కాదనీ, ఒక పురుగు నివాసమనీ తీర్మానం ప్రవేశపెట్టారు. చప్పట్లతో ఆమోదం పొందింది. పురుగు అభ్యంతరం చెప్పలేదు.

పెద్దసారు కాగితాన్ని, కలాన్ని ముందుకు జరిపారు. తూనికలాయనకు ఇరవై నాలుగు కుండీలు కళ్ళ ముందు కదిలాయి. ఉత్తమ సాగుదారు మేడ మీద బట్టలారేసే ధైర్యం ఏ ఇల్లాలికి ఉంటుంది? 'సరిచూడడమైనది' అని రాసి సంతకం పెట్టాడు. సరిచూసిన మాట అబద్ధం కాదు. ఎవరూ ఆయన్ను అంతకుమించి అడగలేదు.

ఒక చేతిలో జ్ఞాపిక, ఇంకో చేతిలో పురుగు నివాసం పట్టుకుని ఇంటికి వచ్చాడు. భార్య జ్ఞాపిక మీది అక్షరాలు రెండుసార్లు చదివింది. కొంగుతో తుడిచి గోడకు తగిలించింది. తర్వాత గూట్లోంచి తీగచుట్ట తీసుకుని మెట్లెక్కింది.

"అదేమిటి! ఇప్పుడే కదా..."

"కిటికీలోంచి అంతా విన్నాను. ఒక్క కాయతో ముప్పై ఒక్క కిలోలు పండించారు. అంత చేతనైనవాళ్ళకు మేడ దేనికండీ? కుర్చీ, కలం చాలవూ?"

సాయంత్రానికి మేడ మీద దుప్పట్లు రెపరెపలాడుతున్నాయి. ముందుగదిలో మూడేళ్ళ తర్వాత మనుషులు తలెత్తుకుని కూర్చున్నారు, ఒక్క తూనికలాయన తప్ప. వంకాయను ఆవిడ పారేయలేదు. రెండు ముక్కలు కోసి, పురుగును తీసి, మర్నాటి కూరలో వేసింది. ఆ ముక్క తగిలినప్పుడు ఆయన నమలడం ఆపాడు. నిజంగా బాగుందని ఆ పూట ఆయనకు చెప్పుకోవడానికి ఏ సభా దొరకలేదు.

సొరకాయ సంగతి మరిచిపోలేదు. స్నేహపూర్వకంగా దాన్ని కుడిపక్క వీధి సంఘానికి పంపారు. అక్కడ పద్నాలుగు ఇళ్ళున్నాయి, కాలం అక్కడా అంతే. ధ్రువపత్రం నకలు కూడా జతచేశారు. కాబట్టి రేపో ఎల్లుండో ఎవరైనా నవ్వుతూ మీ గుమ్మంలోకి సొరకాయతో వస్తే మొహమాటపడకండి. పుచ్చుకోండి. గాట్లు లెక్కపెట్టే పని పెట్టుకోకండి, ఎలాగూ మీ గోటికి చోటు వదిలే ఉంచుతారు. మీ కుడిపక్క ఇల్లు ఎవరిదో మాత్రం గుర్తుంచుకోండి.