నూటికి నూరు శ్రద్ధ

"ఇకమీదట మన బడుల్లో ఏ విద్యార్థీ తల దించే పని లేదు!" అని విద్యామంత్రిగారు ప్రకటించిన రోజున సభలో చప్పట్లు రెండు నిమిషాలపాటు మోగాయి. పథకం పేరు 'తలెత్తిన తరగతి'. ప్రతి గదికీ ఒక డిజిటల్ బోర్డు, ఆ బోర్డు నెత్తిన ఒక కెమెరా. గదిలో ఎన్ని ముఖాలున్నాయో, వాటిలో ఎన్ని బోర్డువైపు తిరిగి ఉన్నాయో అది లెక్కగట్టి నిమిషనిమిషానికీ రాజధానికి పంపుతుంది. దాన్ని శ్రద్ధ శాతం అంటారు. చదువు ఎక్కడ జారిపోతోందో తెలియక ఇన్నాళ్లూ తలపట్టుకున్న ప్రభుత్వానికి ఇంత తేలికైన కొలబద్ద దొరకడం అదృష్టమనే చెప్పాలి.

లెక్కల మాస్టారు ఆ పథకాన్ని మనసారా ఆహ్వానించారు. ముప్ఫయ్యేళ్లుగా సుద్దపొడి పీల్చిన మనిషి. బోర్డు బిగించిన రోజున దాని అద్దాన్ని తన చేతిరుమాలుతో తనే తుడిచారు. తెర మీది త్రిభుజాన్ని వేలితో తాకితే గిర్రున తిరిగింది. పదో తరగతి ముప్ఫయి ఆరుగురూ "ఓ" అన్నారు. మొదటి బెంచీలో డౌటమ్మ మాత్రం చెయ్యెత్తింది. ఆ పిల్లకి హాజరుపట్టీలో మంచి పేరే ఉంది గానీ, ప్రతి లెక్కకీ ఒక సందేహం అడుగుతుంది కనుక బడంతా అలాగే పిలుస్తుంది.

"తిరగడం బాగానే ఉంది మాస్టారూ. ఆ కోణం అరవై ఎలా అయింది?"

"రాసుకో అమ్మా, చెబుతాను."

ముప్ఫయి ఆరు తలలూ నోటుపుస్తకాల మీదికి వంగాయి. కొంప మునిగింది అక్కడే.

నెల తిరిగేసరికి డిజిటల్ ఆఫీసరు కారు దిగారు. హెడ్‌మిస్ట్రెస్ గదిలో కూర్చుని, ట్యాబ్ తెరిచి, మాస్టారిని పిలిపించారు.

"తెలుగు పీరియడ్‌లో తొంభై. సోషల్‌లో ఎనభై ఎనిమిది. మీ లెక్కల దగ్గరికొచ్చేసరికి ముప్ఫయి ఒకటి. పిల్లలు నిద్రపోతున్నారా ఏంటండీ?"

"లేదు సార్, రాస్తున్నారు."

"ఏం రాస్తున్నారు?"

"లెక్కలు."

ఆఫీసరు జాలిగా చూశారు. "రాయడమనేది మా సాఫ్ట్‌వేర్‌లో లేదండీ. తల వంచితే శ్రద్ధ లేనట్టే. వచ్చే నెలకి డెబ్బై అయిదు దాటకపోతే మీ బడిని ఏడు కిలోమీటర్ల అవతల ఉన్న బడిలో కలిపేస్తారు. నా చేతుల్లో ఏమీ లేదు."

ఆ మాట నిజమే. ఆయన చేతుల్లో ట్యాబ్ తప్ప ఏమీ లేదు.

మాస్టారికి డౌటమ్మ గుర్తొచ్చింది. పొద్దున్నే తల్లితోపాటు నాలుగిళ్లలో అంట్లు తోమి, తడిచేతులతోనే బడికి పరిగెత్తుకొస్తుంది. ఏడు కిలోమీటర్లంటే ఇక రాదు. ఒకవేళ వచ్చినా సందేహాలు అడిగే ఓపిక ఉండదు.

మర్నాటి నుంచి మాస్టారు పద్ధతి మార్చారు. "రాయకండర్రా. చూడండి." పిల్లలు మెడలు నిక్కించి చూశారు. శ్రద్ధ తొంభై ఏడుకి ఎగబాకింది. వారం తర్వాత పరీక్ష పెడితే ముప్ఫయి అయిదుగురికి సున్నా వచ్చింది. డౌటమ్మకి రెండు మార్కులు. ఆ పిల్ల తల వంచకుండానే బల్ల కింద అరచేతి మీద రాసుకుందట.

"మార్కులు మా పరిధిలోకి రావండీ, మాది శ్రద్ధ," అని ఆఫీసరు ఫోన్లో అభినందించారు.

ఒక శనివారం పిల్లలంతా టీకాల కోసం మైదానంలో వరసకట్టారు. మాస్టారు కళ్లజోడు మరచిపోయి గదిలోకి వచ్చారు. ఖాళీ గదిలో బోర్డు మూలన అంకెలు వెలుగుతున్నాయి: హాజరు మూడు, శ్రద్ధ వంద. ఆయన వెనక్కి తిరిగి చూశారు. వెనక గోడ మీద ముగ్గురు మహనీయుల పటాలు రెప్పవేయకుండా బోర్డునే చూస్తున్నాయి. మాస్టారు వాళ్లకి చేతులెత్తి దండం పెట్టారు, రోజూ పెట్టేదానికంటే కాస్త ఎక్కువసేపు.

సాయంత్రం నేరుగా బావమరిది ఫ్లెక్సీల దుకాణానికి వెళ్లి, పిల్లల ఫొటోలున్న కవరు బల్ల మీద పెట్టారు.

"ముఖాలన్నీ నిజమైన సైజులో కావాలి. ఒక్కొక్కటీ అట్టకి అంటించి ఇవ్వు."

బావమరిది ఫొటోలు లెక్కపెట్టి కంగారుపడ్డాడు. "బావా, పెళ్లికైనా చావుకైనా ఒకటో రెండో వేస్తాం గానీ, ముప్ఫయి ఆరుగురు పిల్లలకి ఒకేసారి... ఏమైందసలు?"

విషయం విని పొట్ట పట్టుకుని నవ్వాడు. "అక్కే ఉంటేనా, ఈపాటికి కుర్చీలోంచి కిందపడేది."

"పడేది," అన్నారు మాస్టారు. పోయిన భార్య నవ్వును తలుచుకునేవాడు ఇంకొకడున్నందుకు ఆయన మనసు తేలికపడింది.

సోమవారం నుంచి బెంచీల మీద ముప్ఫయి ఆరు ముఖాలు బోర్డును తదేకంగా చూడసాగాయి. బోర్డు తనంతట తాను పాఠం చెప్పుకునేది. వెనక వరండాలో, సామాన్ల గదిలోంచి తెచ్చిన పాత నల్లబల్ల ముందు, పిల్లలు తలలు దించుకుని రాసుకునేవారు. నెలాఖరుకి శ్రద్ధ నూటికి నూరు. రాష్ట్రంలో అంతవరకూ ఎవరికీ రాలేదు.

అందువల్ల మంత్రిగారు స్వయంగా వస్తున్నట్టు కబురొచ్చింది.

"అట్టలు తీసేద్దామా మాస్టారూ?" హెడ్‌మిస్ట్రెస్ అప్పటికే ఒక అట్టను చేతిలోకి తీసుకున్నారు.

"తీస్తే శాతం పడిపోతుంది మేడం. ఆయన ట్యాబ్ చూసుకుంటూ వస్తారట."

అలాగే వచ్చారు. ట్యాబ్ మీంచి కళ్లెత్తకుండా గదిలోకి నడిచి, బోర్డు ముందు నిలబడి, కళ్లు మూసుకుని ఉపన్యాసం అందుకున్నారు. నలభై నిమిషాలు మాట్లాడారు. ఒక్కరూ దగ్గలేదు, ఆవలించలేదు, గడియారం చూసుకోలేదు. కళ్లు తెరిచి చూస్తే శ్రద్ధ అప్పటికీ వందే. మంత్రిగారు ట్యాబ్‌ను గుండెకి హత్తుకున్నారు.

"ఇన్నేళ్ల ప్రజాజీవితంలో నన్ను ఇంత చక్కగా విన్నవాళ్లు లేరు!"

ఆ ఆవేశంలోనే ముందుకొచ్చి డౌటమ్మ బుగ్గ తట్టారు. డౌటమ్మ వెల్లకిలా పడిపోయింది.

ఆఫీసరు సీలింగు ఫ్యాను వైపు చూశారు. హెడ్‌మిస్ట్రెస్ గోడ పట్టుకున్నారు. మంత్రిగారు మిగిలిన ముప్ఫయి అయిదు ముఖాలనూ ఒక్కొక్కటిగా పరికించి, వంగి, పడిన అట్టను జాగ్రత్తగా నిలబెట్టి, మాస్టారిని మూలకి రమ్మని సైగ చేశారు. మాస్టారు ఉద్యోగం మీద ఆశ వదులుకుని వెళ్లారు. బడి గురించి చెప్పుకోవలసిన రెండు ముక్కలూ మనసులో కూడగట్టుకున్నారు.

"నిజం చెప్పండి," మంత్రిగారు గొంతు తగ్గించారు. "ఇవి ఎక్కడ చేయించారు?"

"మా బావమరిది దుకాణంలోనండి."

"ఆదివారం నా బహిరంగసభ ఉంది. అప్పటికి పదివేలు ఇవ్వగలడా?"

ఆ సాయంత్రమే ఉత్తర్వు వచ్చింది. బడి ఎక్కడా కలవదు. ఆదర్శ పాఠశాలగా ఉన్నచోటే ఉంటుంది.

సోమవారం పేపరు మొదటి పేజీలో సభ ఫొటో పడింది. జనసముద్రం. అందరి చూపులూ వేదిక మీదే. సభికుల్లో ఏ ఒక్కరి ముఖంలోనూ ఏ సందేహమూ కనిపించలేదని కింద రాశారు. టైము చాలక బావమరిది తన దగ్గరున్న ముప్ఫయి ఆరు ముఖాలనే మళ్లీ మళ్లీ వేశాడు. ముందువరసలో డౌటమ్మ ఒక్కతే పదిహేడుసార్లు ఉంది.

వరండాలో పేపరు చేతులు మారి చివరికి ఆ పిల్ల దగ్గరికి వచ్చింది. చాలాసేపు చూసి, మడతపెట్టి మాస్టారికి ఇచ్చేసింది. తరవాత చెయ్యెత్తింది.

"అడుగమ్మా."

"ఆ కోణం అరవై ఎలా అయింది మాస్టారూ?"

మాస్టారు నల్లబల్ల తుడిచి కొత్త సుద్దముక్క తీశారు. ముప్ఫయి ఆరు తలలూ వంగాయి.