ఏటికంతటికీ ఒకే బోర్డు

గాలం సంఘం కమిటీ పెద్దలారా, తప్పంతా మీదే. ఏడాది పొడుగునా పాదం తడవని మీరు గదిలో కూర్చుని బిస్కట్లు నములుతూ ఏరు మొత్తానికీ ఒకే నియమం రాసిపారేశారు: "ప్రతి మడుగులోనూ పైనుంచే మొదలుపెట్టాలి. గాలం విసరాలి, ఒక అడుగు కిందికి దిగాలి. పైకి నడవరాదు." దాన్ని ఆకుపచ్చ బోర్డు మీద ముత్యాల్లాంటి అక్షరాలతో రాసినవాడు మీ కార్యదర్శి టోర్మోడ్. పాపం, మర్డీనా మొగుడు.

ఆ రోజు సీజనుకి ఆఖరి రోజు. మర్డీనాకి సోమవారం మోకాలి ఆపరేషన్. ఆ తర్వాత ఏట్లో దిగడం అనుమానమేనని డాక్టరు చెప్పేశాడు. ఈ ఏడు ఆమెకి ఒక్క సాల్మన్ చేప కూడా పడలేదు. అందుకే టోర్మోడ్ పొద్దున్నే ఫ్లాస్కులో టీ పోసి, ఓట్స్ రొట్టెలు సర్ది, పెళ్లాన్ని ఏటికి తీసుకొచ్చాడు.

పైన రాళ్ల మధ్య నీళ్లు ఉరుకుతాయి. అక్కడ బోర్డు మాట చెల్లుతుంది. పురుగులా కనబడేలా ఈకలు కట్టిన గాలం విసిరితే చాలు, మిగతా పని ప్రవాహమే చూసుకుంటుంది. కింద నల్ల మడుగు అలా కాదు. నీళ్లు కదలవు. బోర్డు చెప్పినట్టు విసిరితే గాలం మేకులా మునుగుతుంది. అక్కడ మడుగు చివర మొదలుపెట్టి, విసురుతూ పైకి వెనక్కి నడవాలి. మనిషి నడక లాగితేనే ఈకలకి ప్రాణం వస్తుంది. మర్డీనాకి వాళ్ల నాన్న నేర్పిన పని అది.

"నల్ల మడుగుకి కిందినుంచి పోదాం," అంది మర్డీనా.

"బోర్డు రాసింది నేనే కదే!"

"రాసినవాడివి, చెరపలేవా?"

"చైర్మన్ ల్యాక్లన్ గారు చూస్తే నా పరువేం కాను?"

"సర్లే, నీ పరువు నువ్వే మోసుకో. నాకు మోకాలు సలుపుతోంది. ఒడ్డున గుడిసెలో కూర్చుని టీ తాగుతా."

ఆవిడ తాగలేదు. మొగుడు అటు వెళ్లగానే స్నేహితురాలు ఎఫీని వెంటేసుకుని, అడ్డదారిన మడుగు చివరికి కుంటుకుంటూ చేరింది. టోర్మోడ్ మాత్రం తక్కువ తిన్నాడా? చేప పడగానే గాలం కర్ర పెళ్లాం చేతికిచ్చి, లాగే సంబరం ఆవిడకే వదిలేద్దామని మడుగు పైన దిగాడు. ఆయన కిందికి వస్తున్నాడు. ఆవిడ వెనక్కి నడుస్తూ పైకి వస్తోంది. మడుగు మధ్యలో వంపు, వంపు మీద ఆల్డర్ చెట్ల గుబురు. ఒకరికొకరు కనపడరు. నీళ్లడుగున ఆయన గాలమూ ఆవిడ గాలమూ కొక్కేనికి కొక్కెం తగులుకున్నాయి.

"పడింది!" అని పైన టోర్మోడ్ కేకేశాడు.

"పడిందే ఎఫీ!" అని కింద మర్డీనా అరిచింది.

ఆయన లాగితే ఆవిడ లాగింది. ఆవిడ వదిలితే ఆయన వదిలాడు. కేకలకి కమిటీ చైర్మన్ ల్యాక్లన్, ఆయన వెనకే సగం ఊరు పరుగెత్తుకొచ్చారు.

"ఇంత బరువైన చేప నా జన్మలో చూళ్లేదు," అన్నాడు ల్యాక్లన్, చేపని చూడకుండానే. "అదిగో, కింద అప్పుడే కేరింతలు కొడుతున్నారు. నీ పేరు ఏరంతా పాకిందయ్యా!"

కింద కేరింతలు కొడుతున్నది ఎఫీ ఒక్కతే. "పైన జనం చూడు, నీకోసం ఎలా అరుస్తున్నారో!" అని ఆవిడ మర్డీనా వీపు తడుతోంది.

చేప మొండికేసి అడుగున కూర్చుందని ల్యాక్లన్ దాన్ని కదిలించడానికి రాళ్లు వేయించాడు. "ఎగిరి పడుతోంది!" అని వంపుకి అవతల ఎఫీ గంతులేసింది.

"మర్డీనాని పిలవండి! కర్ర తన చేతికివ్వాలి!" అని టోర్మోడ్ బతిమాలాడు. గుడిసెకి పరుగెత్తినవాడు తెల్లమొహంతో తిరిగొచ్చాడు. టీ అలాగే ఉంది. మనిషి లేదు.

"ఏట్లో గానీ జారిపడిందా?" అన్నారెవరో.

ఆ మాట వినగానే టోర్మోడ్ "పట్టండి!" అంటూ కర్ర చైర్మన్ చేతుల్లో కుక్కాడు.

"ఇంత చేపని వదిలి పోతావా?"

"చేప గంగలో కలవనీ! నా మర్డీనా ఏదీ?"

నడుందాకా నీళ్లలో, పడుతూ లేస్తూ, ఆ పరువుగల కార్యదర్శి వంపు తిరిగాడు. ఎదురుగా మర్డీనా, చేతిలో వదులైన దారం.

"పోయింది! నీ బొబ్బలకే పోయింది ముసలాడా!"

టోర్మోడ్ ఆవిణ్ణి గట్టిగా వాటేసుకున్నాడు. "నువ్వున్నావు. చాలు."

"ముందు వదులు, తడిపేస్తున్నావు."

అవతల ల్యాక్లన్ అప్పటికే కంగారులో దారం వదులు చేసేశాడు. కలిసిన రెండు గాలాలూ నీళ్లలో మెల్లగా తేలి ఊగాయి. అప్పుడు, నిజంగా, ఒక సాల్మన్ వచ్చి కరిచింది.

దాన్ని ఒడ్డుకి తెచ్చింది మర్డీనా. నీళ్లలోనే రెండు చేతులా పట్టుకుని, కాసేపు చూసి, వదిలేసింది. టోర్మోడ్ ముక్కు చీదుకున్నాడు.

చేప పడితే ఆనవాయితీగా అందరికీ విస్కీ పోయాల్సిన చైర్మన్ గొంతు సవరించుకుని ఏమన్నాడో తెలుసా? "అమ్మా, నువ్వు పైకి నడిచావు. నియమం తప్పావు. వచ్చే సీజనుకి నీ పర్మిట్ రద్దు."

మోకాలు బాగుపడితే మళ్లీ ఏట్లో దిగాలనుకునే మనిషితో అనాల్సిన మాటేనా అది? కమిటీ పెద్దలారా, ఆవిడ పర్మిట్ ఆవిడకివ్వండి. ఆ బోర్డు పీకేయండి. ఏ మడుగుకి ఏ నడకో ఏట్లో దిగేవాళ్లని అడిగి తెలుసుకోండి. ఇదంతా ఆదివారంలోపు జరగాలి.

జరక్కపోతే సోమవారం ఆసుపత్రికి వెళ్లే దారిలో టోర్మోడ్ కారు ఆ బోర్డు దగ్గర ఆగుతుంది. సుత్తి ఇప్పటికే మర్డీనా సంచిలో ఉంది.