సింహాద్రమ్మ రాయి, సుగుమారన్ పిండి

"నేరం ఎక్కడుంటే నానక్కడుంతాను. ఒక్కోపాలి దానికంటే ముందే ఎల్లి కాసుకుని కూకుంతాను," అని సుగుమారన్ ప్రకటించాడు.

ఆయన ఒక చేతిలో బియ్యప్పిండి డబ్బా, రెండో చేతిలో భార్య మొహానికి పౌడరు అద్దుకునే కుంచె ఉన్నాయి. వింటున్నది చెల్లెలు తిలగవతి ఒక్కతే. ఆవిడ నిచ్చెన మీద నిలబడి గోడకు బోర్డు బిగిస్తోంది. చప్పట్లు కొట్టడానికి చేతులు ఖాళీ లేవు, మనసూ లేదు.

సముద్రం అవతలి తెలుక్ ఇంటాన్ బజారులో సుగుమారన్‌ది మారు తాళంచెవులు చేసే బడ్డీ. ఊళ్ళో సగం తాళంచెవులు తన చేతిలో పుట్టినవే కనుక సగం రహస్యాలూ తనవేనని ఆయన నమ్మకం. ఊరి నడుమ గడియారం గోపురం ఓ పక్కకి ఎందుకు వాలిందో కూడా తెలుసట, సమయం వచ్చినప్పుడు బయటపెడతాడట. ఇంతవరకూ ఆయన పట్టుకున్న దొంగ ఒక్కడే. పక్కింటి యోగేశ్వరన్, సొంత చెప్పులు వేసుకుని సొంత ఇంటికి వెళ్తుండగా దొరికిపోయాడు.

"ఆ పిండి ఏటికన్నయ్యా?"

"ఏలిముద్రలు. దొంగతనం అయినాక ఎవుడైనా తీస్తాడు లా. అవ్వకముందే తీసినోడే డిటెక్టివ్."

అని, అక్కడి జనం మాటల చివర తగిలించే 'లా'తో సహా సెలవిచ్చి, ఆ గదిలో ఉన్న వస్తువులన్నిటికీ పిండి పూసేశాడు. బల్ల మీద నల్లటి పొత్రం ఒకటుంది, కొబ్బరికాయంత. ఒక అంచు పెచ్చు లేచిపోయి ఉంటుంది. అది కాస్తా తెల్లగా అయిపోయింది. తిలగవతి చూసి నిట్టూర్చింది. రేపు తుడుచుకోవచ్చులే అనుకుంది.

ఆ పొత్రం వాళ్ళ తాతమ్మ సింహాద్రమ్మది. రబ్బరు తోటలో కూలి చేస్తూ, ఆవిడ దాంతో జ్వరాలకు మందు నూరి ఇచ్చేది. ఒక ఏడు మన్యపు జ్వరం వచ్చి తోటలో ఒక పసివాడు పోయాడు. కూలీల పెద్ద పంచాయితీ పెట్టి, సింహాద్రమ్మ చిల్లంగి చేసిందని తీర్పు చెప్పాడు. చేతబడికి అక్కడివాళ్ళ మాట అది. రాయిని బయటికి విసిరేశారు, అంచు విరిగింది. మనిషిని కూడా తరిమేశారు. ఆవిడ విరిగిన రాయినే ఒళ్ళో పెట్టుకుని నది మొగలో ఉన్న హుటాన్ మెలింటాంగ్ అనే ఊరి దాకా నడిచిపోయి, చేపలు ఎండబెట్టుకుంటూ బతికింది.

ఆ తరవాత ఆవిడ బతికిందంతా కథల్లోనే. అన్నం తినని పిల్లలకు "సింహాద్రమ్మ వస్తాది" అని పాట కట్టారు. తోట బడి వార్షికోత్సవం నాటకంలో కొబ్బరిపీచు జుట్టు పెట్టుకుని, చీపురు పట్టుకుని నవ్వే వేషం ఆవిడదే. చిన్నప్పుడు ఆ వేషం తిలగవతే వేసింది, బహుమతిగా సబ్బుపెట్టె తెచ్చుకుంది. అది తన తాతమ్మేనని తెలిసిన రోజు ఆ సబ్బుపెట్టె తీసి అవతల పారేసింది.

అందుకే తెలుగువాళ్ళ హాలు వెనక గదిని ఈ చిన్న మ్యూజియంగా మార్చింది. ఫొటో లేదు కనుక చిత్రకారుడు ఇంటిల్లిపాదినీ చూసి తాతమ్మ బొమ్మ గీశాడు. ముక్కు మాత్రం సుగుమారన్‌ది పడింది. ఆ ముక్కు చూసి ఆవిడ కూడా పరిశోధకురాలేనని ఆయన తేల్చేశాడు.

ప్రారంభం మరుసటి రోజు సాయంత్రం. అప్పట్లో తీర్పు చెప్పిన కూలీల పెద్దకి మనవడైన అప్పడు తాత, ఆ రాయి మీద చెయ్యి వేసి, మా తాత తప్పు చేశాడని నలుగురిలో చెప్తానని మాట ఇచ్చాడు. ఆ వంశంలో ప్రమాణం రాయి మీదే చెయ్యాలి. ఎనభై దాటినవాడు, గుండె జబ్బు మనిషి. ఇంకో ఏడాది ఆగుదామంటే ఆగుతాడో లేదో తెలియదు.

తెల్లారి తిలగవతి గది తలుపు తీసేసరికి రాయి లేదు. బల్ల మీద పిండి గుండ్రంగా మిగిలి ఉంది. బొమ్మ కింద ఒక నిమ్మకాయ, పసుపు ముద్ద, ఆకుపచ్చ గాజులు ఉన్నాయి. ఆవిడ కేక పెట్టి అన్నయ్యను పిలిచింది.

సుగుమారన్‌కి మాత్రం పండగే. నిమ్మకాయను చెవి దగ్గర పెట్టుకుని ఊపాడు.

"ఇది అంతర్జాతీయ ముఠా పని."

"నిమ్మకాయ మన పాసార్ బజారులోదే అన్నయ్యా, అంటించిన చీటీ కూడా పీకలేదు."

"అదే వాళ్ళ తెలివి లా."

మధ్యాహ్నానికల్లా హాల్లో ఉన్నవాళ్ళందర్నీ ఆ గదిలోకి పోగేశాడు. కుర్చీలు సర్దుతున్న సంఘం వాళ్ళు, ముందుగానే వచ్చి కూర్చున్న అప్పడు తాత, విందు వండుతున్న ఆగ్నెస్. సుగుమారన్ కళ్ళు సన్నగా చేసి అందర్నీ ఒక చుట్టు చూశాడు.

"హంతకుడు ఈ గదిలోనే ఉన్నాడు."

"ఎవులూ సావలేదన్నయ్యా."

"అలవాటులో వచ్చేసింది. దొంగ ఈ గదిలోనే ఉన్నాడు. కాదు, ఉంది." అని గోడకి వీపు పెట్టి, వేలు తిన్నగా ఆగ్నెస్ మీదికి చాపాడు. "రుజువులు ఇనండి. ఈ మనిషికి మొగుడు లేడు, ఒంటరిగా ఉంతాది. సేతులు సూడండి, పచ్చగా పసుపు. పొద్దున్నే రోడ్డు మీద నడుస్తూ తనలో తాను ఏటో గొణుక్కుంతాది, నా కళ్ళతో సూసినాను. నిమ్మకాయ మంత్రించింది ఎవులో ఇంకా సెప్పాలా?"

 కుర్చీలు సర్దే ఇద్దరు ఆగ్నెస్‌కి ఒక అడుగు దూరం జరిగారు. తిలగవతి ఆ ఒక్క అడుగూ చూసింది. తాతమ్మ చుట్టూ కూడా ఇలాగే జరిగి ఉంటారు.

"అన్నయ్యా, ఎనక్కి తిరిగి ఆ బోర్డు సదువు. పైకి సదువు."

సుగుమారన్ తిరిగాడు. ఠీవిగా అందుకున్నాడు. "'మొగుడు లేని మనిషి, ఒంటరిగా ఉంటుంది. చేతులు ఎప్పుడూ పచ్చగా ఉంటాయి. నడుస్తూ తనలో తాను గొణుక్కుంటుంది.' సూసినారా, నా రిపోర్టు అప్పుడే గోడెక్కింది."

"పైన పెద్దచ్చరాలు కూడా సదువు."

"'సింహాద్రమ్మ మీద పంచాయితీలో చూపిన...'" గొంతు సగంలో దిగిపోయింది. "'...రుజువులు.'"

ఆయన చాపిన వేలు ఇంకా గాలిలోనే ఉంది. దాన్ని ఎక్కడ పెట్టుకోవాలో తెలియక జేబులో పెట్టుకున్నాడు.

"నాను గొణిగేది జపమాల, తమ్ముడూ," అంది ఆగ్నెస్.  "పసుపు ఎయ్యకుండా నీకిష్టమైన సేపల కూర అవుతాదేటి? పొయ్యి మీద పప్పుంది, నానెల్తాను."

ఆవిడ వెళ్ళిపోయాక అప్పడు తాత కర్ర ఊతంతో లేచాడు.

"ఆ నిమ్మకాయ నాను పెట్టినాను. గాజులు కూడా."

"నువ్వా తాతా?" అంది తిలగవతి.

"మా తాతల ఊరి పక్క ఆడమనిషి అన్నేయంగా పోతే పేరంటాలని మొక్కుతారమ్మా. మా తాత తరిమేసినాడు. ఆయన మనవణ్ణి, ఒట్టి సేతుల్తో ఎలాగ ఎదుర్నిలబడగలను? పొద్దున ఎవులూ సూడకుండా పెట్టుకున్నాను. అప్పటికే రాయి లేదు. తలుపు తీసే ఉంది."

సుగుమారన్ వంటగదిలోకి వెళ్ళాడు. వెనకే తిలగవతి వెళ్ళింది, క్షమాపణ చెప్పబోయి ఇంకో కేసు మొదలెడతాడేమోనని. ఆగ్నెస్ వెనక్కి తిరగకుండా పప్పు కలుపుతోంది.

"అక్కా, పరిశోధనలో ఒక్కోపాలి..." అని మొదలుపెట్టి, మిగతాది ఏమనాలో దొరక్క, డిటెక్టివులు ఆనుకున్నట్టు పక్కనున్న పెద్ద గిన్నె మీద మోచెయ్యి ఆనించాడు. మూత జారింది. మూత మీది రాయి కూడా జారి తిన్నగా ఆయన కాలి బొటనవేలి మీద పడింది.

"అలమాక్! సచ్చినాను!" అని ఆయన అరిచిన అరుపుకి హాల్లో కుర్చీలు సర్దేవాళ్ళు కూడా పరుగెత్తుకొచ్చారు.

తిలగవతి అన్నయ్యను చూడలేదు. రాయిని చూసింది. అంచున పెచ్చు లేచిపోయి ఉంది.

"అక్కా, ఇదెక్కడిది?"

"ఆ గదిలోదే. కుర్చీలు తీద్దామని పొద్దున్నే తలుపు తీసినాను. రాయి నిండా పిండి ఉంది. ఎవులో నూరుకుని కడక్కుండా వొగ్గేసినారు అనుకున్నాను. కడిగి, దోసెపిండి గిన్నె మీద బరువు పెట్టినాను." ఆవిడ ఆగింది. "పిండి పూసింది ఎవులు?"

అందరూ సుగుమారన్ వైపు చూశారు. ఆయన ఒంటికాలి మీద నిలబడి ఉన్నాడు.

"నాను," అన్నాడు. ఆయన చెప్పిన వాటిలో మొదటిసారి అందరూ నమ్మిన మాట అదే. తరవాత గొంతు తగ్గించి, "తప్పయిపోయింది అక్కా. నీ ఎనక నిలబడాల్సినోణ్ణి, నీ మీద ఏలెత్తినాను," అన్నాడు. ఆగ్నెస్ ఫ్రిజ్‌లోంచి ఐసుముక్కలు తీసి గుడ్డలో కట్టి ఆయన చేతిలో పెట్టింది.

సాయంత్రం అప్పడు తాత రాయి మీద చెయ్యి వేశాడు. దానికి ఇంకా పులిసిన పిండి వాసన పోలేదు. "సింహాద్రమ్మ ఏ తప్పూ సెయ్యలేదు. తప్పు మా తాత సేసినాడు. ఇన్నాళ్ళూ ఆ సంగతి సెప్పకుండా ఉండడం నా తప్పు," అన్నాడు. తిలగవతి బొమ్మకేసి చూసి ఏడ్చేసింది. పక్కన ఆగ్నెస్ నిలబడి ఆవిడ భుజం పట్టుకుంది. గోడ మీది ముక్కు, పక్కన కుంటుతున్న ముక్కు, రెండూ ఎర్రగానే ఉన్నట్టు తోచాయి.

ఇప్పుడు ఆ గదిలో రాయి పక్కనే బియ్యప్పిండి డబ్బా, కుంచె కూడా ఉన్నాయి. తిలగవతి పెట్టింది. కింద ఇలా రాయించింది: "నేరం రుజువు చేసే పనిముట్లు, ఈ కాలానివి. వీటితో దొరికిన దొంగలు లేరు. నింద పడిన మనిషి ఒకరు."

సుగుమారన్ తాళంచెవికి వచ్చిన ప్రతివాణ్ణీ వెంటబెట్టుకుని అక్కడికి తీసుకొస్తాడు. తన డబ్బా మ్యూజియం ఎక్కిందని గర్వంగా చూపిస్తాడు. తరవాత ఆ చివరి వాక్యం తనే పైకి చదివి, "ఆ మనిషి మా ఆగ్నెసక్క," అని చెప్పి, చెప్పు విప్పి బొటనవేలు చూపిస్తాడు.