బరువైన మీటలు, తేలికైన పియానో

కొనేవాళ్లకి ఏం కావాలో, కొనేవాళ్లకి తప్ప మిగతా అందరికీ తెలిసి ఉండటమే నాగరికత అని మనం ఎప్పుడో ఒప్పుకున్నాం. ఒప్పుకోని వాళ్లు టోకెను తీసుకుని కూర్చోవచ్చు.

అలా ఒక వాయిద్యాల దుకాణంలో కూర్చున్న వాళ్లలో పియానో అక్క ఒకతె. పందొమ్మిదేళ్లుగా హోటళ్లలో, విందుల్లో, ఆఫీసు వార్షికోత్సవాల్లో వాయించి వాయించి ఆవిడకి ఆ పేరే ఖాయమైపోయింది. ప్రస్తుతం ఒక పెద్ద హోటలు భోజనశాలలో వారానికి ఐదు సాయంత్రాలు వాయిస్తోంది. ఆ హోటలువారు ఈమధ్య ఒక సర్క్యులరు జారీ చేశారు. కళాకారులు శనివారం లోగా ఎనభై ఎనిమిది బరువు మీటలున్న డిజిటల్ పియానో సొంతంగా తెచ్చుకోవలెను, లేనిచో వారి స్థానంలో స్పీకరు పెట్టబడును. (స్పీకరుకు ఎన్ని మీటలుండాలో అందులో రాయలేదు.)

నిజానికి అక్కకి లోలోపల సంతోషమే. ఆవిడ మొదట నేర్చుకున్నది తల్లి దగ్గర, అసలు సిసలు పియానో మీద. బరువున్న మీట వేలి కింద కాస్త మొరాయించాలి, దాన్ని బుజ్జగించి మెల్లని స్వరం తీయాలి. ఇప్పుడున్న పాత కీబోర్డు మీటలు ఖాళీ అగ్గిపెట్టెల్లా ఉంటాయి. బుజ్జగించడానికి అక్కడేమీ ఉండదు. ఆ మెల్లదనం తనకి చేతనవునన్న సంగతి ఈ పందొమ్మిదేళ్లలో ఎవరికీ తెలియదు.

వెంట తమ్ముడు వచ్చాడు. అతను డ్రమ్ములు వాయిస్తాడు, వ్యాను నడుపుతాడు, అక్క సామాను మోస్తాడు. మూడింట్లోనూ చివరిదే ఎక్కువ.

"మీటలకి ఎంత బరువైనా ఉండనీ అక్కా, పియానోకి మాత్రం వద్దు. పోయినసారి మూడంతస్తులు మోసి వారం రోజులు వంగే నడిచాను. ఏదో పారేసుకున్నాననుకుని దారినపోయేవాళ్లంతా నాతోపాటు వెతికారు."

నలభై ఏడో నంబరు పిలిచారు. గాజుబల్ల వెనక వాయిద్య ఎంపిక సహాయాధికారి ఫోనులో యాప్ తెరిచి కూర్చున్నాడు.

"బరువు కావాలా, వద్దా మేడమ్?"

"మీటలకి కావాలి. పియానోకి వద్దు."

"ఒకటే టిక్కు పెట్టాలి."

"రెండూ వేరు కదండీ."

"గడి ఒకటే ఉంది."

"పోనీ సగం టిక్కు పెట్టండి సార్," అన్నాడు తమ్ముడు. అధికారి ఆ సూచనను ఏమాత్రం నవ్వకుండా ఆలోచించి, సగం టిక్కు పెట్టే అధికారం పై అంతస్తుకే ఉందన్నాడు.

గోడ పొడుగునా తొమ్మిది పియానోలు ప్లాస్టిక్ కవర్లు కప్పుకుని ఉన్నాయి. వాయించి చూస్తానంది అక్క.

"దానికి వాదక ధ్రువపత్రం ఉండాలి మేడమ్."

"ఎక్కడిస్తారు?"

"ఇక్కడే. మా పరీక్షకురాలు మీ వేళ్లు చూసి ఇస్తారు."

పరీక్షకురాలు ఒక చిన్న త్రాసుతో వచ్చింది. మీటకి ఎదురొడ్డే శక్తి అరవై గ్రాములట. ఎదుటి వేలికి అంత స్తోమత ఉందో లేదో తేల్చకుండా కవరు తీస్తే మీట మనసు కష్టపడుతుంది. (నిబంధనలో ఉన్న మాట ఇదే.) అక్క ఒక్కొక్క వేలే త్రాసు మీద ఆనించింది. తొమ్మిది వేళ్లు గట్టెక్కాయి.

"కుడిచేతి ఉంగరం వేలు ఐదు గ్రాములు తక్కువమ్మా. దీంతో మీరు పియానో వాయించలేరు."

"పందొమ్మిదేళ్లుగా వాయిస్తున్నానండీ."

"అది మీ అదృష్టం. తొమ్మిది వేళ్లకైతే ధ్రువపత్రం ఇప్పుడే ఇస్తాను. పదో దానికి మినహాయింపు కోరుతూ విడిగా అర్జీ పెట్టుకోండి."

అక్క తొమ్మిది వేళ్ల ధ్రువపత్రం చేతపట్టుకుని పియానోల దగ్గరికి నడిచింది. మొదటిదాని మీటలు బురదలో దిగబడ్డట్టు దిగాయి, పైకి రావడానికి తీరుబడిగా వచ్చాయి. రెండోది నొక్కితే స్వరం కంటే చెక్క చప్పుడే ముందు వినబడింది. మూడోది బాగానే ఉంది గానీ, ఒక మూల ఎత్తి చూసిన తమ్ముడు వెంటనే దించేసి నడుం పట్టుకున్నాడు. నాలుగోది సన్నగా, నల్లగా, ఏ ఆర్భాటమూ లేకుండా ఉంది. అక్క ఒక మీట నొక్కింది. అది మొరాయించింది. ఆవిడ ముఖం మారిపోయింది.

తల్లి నేర్పిన పాత జోలపాట ఒకటి ఎత్తుకుంది. ఎంత మెల్లగా అంటే, టోకెన్లు పిలిచే పిల్ల నలభై ఎనిమిది దగ్గర ఆగిపోయింది. సహాయాధికారి ఫోను బల్ల మీద బోర్లించాడు. తమ్ముడు ఇన్నాళ్లూ ఏం మోశాడో ఇప్పుడే తెలిసినట్టు అక్కవైపు చూస్తూ నిలబడ్డాడు.

పాట అయింది.

"ఉంగరం వేలు వాడారు," అంది పరీక్షకురాలు. ఆవిడ త్రాసుని వీపు వెనక దాచుకుంది గానీ నిబంధన నిబంధనే. "అనుమతి లేని వేలు తగిలిన వాయిద్యాన్ని మళ్లీ ప్రదర్శనలో పెట్టకూడదు. దీన్ని మీరే కొనుక్కుని తీసుకుపోవాలి."

"నేను వచ్చిన పనే అదండీ."

"అయినా సరే. రసీదులో మాత్రం జరిమానా అనే రాస్తాం."

తమ్ముడు పియానోని చంకలో పెట్టుకుని, నిటారుగా నడుచుకుంటూ బయటికి వచ్చాడు.

శనివారం సాయంత్రం అక్క హోటల్లో వాయించింది. జోలపాటకి వచ్చేసరికి ఒక ముసలాయన చెంచా కింద పెట్టి కళ్లు మూసుకున్నాడు. పక్క టేబులు దగ్గర ఒక జంట పోట్లాట మధ్యలో ఆపింది. హాలంతా చెవి ఒగ్గి కూర్చుంది. అప్పుడు మేనేజరు గబగబా వచ్చాడు.

"ఏమ్మా, పాడైపోయిందా?"

"లేదండీ, మెల్లగా వాయిస్తున్నాను."

"అదే ఇబ్బంది. ఆరో టేబులు వాళ్ల మాటలు ఏడో టేబులుకి వినబడుతున్నాయని ఫిర్యాదు వచ్చింది. మీరేం కంగారుపడకండి, నేను మాన్యువలు చదివే వచ్చాను. ఇరవై రెండో పేజీలో ఉంది. మెల్లగా నొక్కినా గట్టిగా నొక్కినా ఒకేలా గట్టి శబ్దం వచ్చే ఏర్పాటు ఇందులో ఉందట."

అతనే వంగి, ఒక బటను వెతికి నొక్కాడు.

"మీటల బరువు ఎక్కడికీ పోదులెండి," అన్నాడు. "సర్క్యులరు ప్రకారం అంతా సవ్యంగానే ఉంది."

ఆ సాయంత్రం మరే ఫిర్యాదూ రాలేదు.