ఆఫీసుకు ట్రకోమా

మునిసిపల్ ఆఫీసుకు ట్రకోమా అనే కంటిజబ్బు సోకిందన్న సంగతి, ఒక సోమవారం కిటికీలు పుసులు కట్టి తెరుచుకోకపోవడంతో బయటపడింది. కమిషనర్ ఫణీంద్ర ముందు వడ్రంగిని పిలిపించాడు. అంచుల్లో మొలిచిన వెంట్రుకలు లోపలికి తిరిగి అద్దాల్ని గీస్తున్నాయనీ, ఇది తన పని కాదనీ చెప్పి వడ్రంగి వెళ్లిపోయాడు.

కంటి డాక్టర్ నజీమా వచ్చి ఒక్కో రెక్కా ఎత్తి చూసింది.

"ట్రకోమానే. అంటుజబ్బు. ఇట్లాగే వదిలేస్తే ఆఫీసుకు చూపు పోతుంది," అంది. మాత్రలు రాసి, కిటికీల ముఖం రోజూ శుభ్రమైన నీళ్లతో కడగమంది. ఈగలు వాలనివ్వొద్దంది.

ఎవరి నుంచి అంటిందో తెలుసుకోవడం కష్టం కాలేదు. కొట్టాల వీధికి నీళ్లు చాలడం లేదని చెప్పుకోవడానికి ఓబులమ్మ ఎన్నో నెలలుగా ఆ కిటికీల దగ్గరే నిలబడుతోంది. ఆమె రెప్పల వెంట్రుకలు కూడా లోపలికే తిరిగాయి. గుచ్చుకున్నప్పుడల్లా పీక్కునేది. ఒక కన్ను అప్పటికే తెల్లబడిపోయింది. వెంట వచ్చే మనవరాలు సుంకులు ఎర్రటి కళ్లు నులుముకుంటూ ఉండేది.

"మా వల్లనే అంటిందా సార్?" అని అడిగింది ఓబులమ్మ.

"నీ వల్లనేనమ్మా," అన్నాడు కమిషనర్, కోపమేమీ లేకుండా.

కొట్టాల వీధికి ఎప్పుడో ఒకసారి వెళ్లే ట్యాంకర్‌ను ఆ రోజే ఆఫీసుకు మళ్లించారు. రోగికి నీళ్లు అవసరం కదా. ఓబులమ్మకు అది సబబుగానే తోచింది. అయినా ఎక్కడో ఏదో అర్థం కాలేదు. డాక్టర్ దగ్గరికి పోయి, "మేడమ్, ఈ పిల్లకు గూడా అదే జబ్బు గదా?" అంది.

నజీమా పిల్ల రెప్ప తిప్పి చూసింది. "అదే. ఇప్పుడు మాత్రలేసి, ముఖం కడుగుతుంటే నయమవుతుంది. ఆలస్యమైతే కష్టం."

ఇద్దరూ కమిషనర్ వైపు చూశారు. మాత్రలూ నీళ్లూ మంజూరైంది కిటికీలకు. అతను చెడ్డవాడు కాదు. చాలాసేపు ఆలోచించి, సుంకులును ఆఫీసు కిటికీగా నమోదు చేశాడు.

తూర్పు గోడ పగలగొట్టి, పిల్ల ఎత్తుకు సరిపడా చోటు చేశారు. రోజూ ఉదయం అటెండరు మిగతా కిటికీలతో పాటు ఆమె ముఖమూ కడిగేవాడు. కొన్నాళ్లకు ఎరుపు తగ్గింది. దూరంగా కొండ మీది మేకలు కూడా కనిపిస్తున్నాయని పిల్ల చెప్పింది. ఓబులమ్మకు ఏడుపొచ్చింది, సంతోషమో మరేమిటో తెలియలేదు.

"సార్, నయమయింది గదా. ఇంటికి తోడుకొని పోతా."

"కిటికీని ఇంటికెట్లా పంపిస్తామమ్మా? పైగా అక్కడ నీళ్లున్నాయా?"

లేవు.

సాయంత్రం అటెండరు అన్ని కిటికీలూ మూస్తూ వచ్చి పిల్ల ముందు ఆగాడు.

"అవ్వా, మెల్లగా మూయమని చెప్పు," అంది సుంకులు.

అతను పిల్ల రెప్పల్ని మెల్లగానే మూశాడు.

ఓబులమ్మ కమిషనర్ గదికి పోయి, చీర కొంగు సర్దుకుని, "సార్, ఈ ఆఫీసుకు తలుపేమన్నా కావల్నా?" అని అడిగింది.