బ్యాటరీ బాబాయి ఉచిత కరెంటు

ఆ ఉదయం ఇన్సూరెన్సు గుమాస్తా తన ఎలక్ట్రిక్ కారును మూడోసారి తుడుస్తున్నాడు. వీధిలో అందరూ ఆయన్ని బ్యాటరీ బాబాయి అంటారు. పక్క వీధిలో ఉండే బావమరిది ఆ మధ్యాహ్నమే పెట్రోలు కారుకి డబ్బు కట్టబోతున్నాడు. ఈలోపు అతన్ని ఒక్క చుట్టు తిప్పి మనసు మార్చెయ్యాలని బాబాయి ఉబలాటం.

"మా తమ్ముడు మారకపోతే ఇక ఇంట్లో కారు ఊసెత్తకూడదు. మాటేనా?" అంది భార్య.

"మాటే," అన్నాడు బాబాయి. పళ్లు తోముకుంటూ కూడా బ్యాటరీ గురించి మాట్లాడే మనిషికి అది మామూలు పందెం కాదు.

చిక్కల్లా రాత్రినుంచి కరెంటు లేకపోవడమే. బ్యాటరీలో మూడో వంతే మిగిలింది. అయినా ఒక చుట్టుకి అది బోలెడు. అంతలో ఎదురింటి టీచరమ్మ ఇస్త్రీపెట్టెతో వచ్చింది.

"కారులోంచి కరెంటు తీసి బట్టలు కూడా ఇస్త్రీ చేసుకోవచ్చన్నారుగా బాబాయిగారూ?"

అన్నాడు. దారిన పోయేవాళ్లని ఆపి మరీ అన్నాడు. ఇప్పుడు కాదంటే ఇన్నాళ్ల ప్రచారం మట్టిగొట్టుకుపోతుంది. ఉత్సాహంగా తీగ లాగి ఇచ్చాడు. ఆమె వెనకే వీధి చివరి బేకరీ యజమాని ఇంకా పొడవాటి తీగతో వచ్చాడు.

"కలిపిన పిండంతా పాడైపోతుందండీ. ఒక్క వాయి కాల్చుకుంటాను."

ఒక్క వాయి కాస్తా ఎన్ని వాయిలయిందో ఎవరూ చూడలేదు. ఛార్జి అడుగంటుతోందని కారు తెరమీద హెచ్చరించింది. చుట్టూ మూగిన జనం చప్పట్లు కొడుతున్నారు. బాబాయి ఆ హెచ్చరికను వేలితో నొక్కి మాయం చేశాడు.

బావమరిది వచ్చి ఆ తిరునాళ్లంతా చూశాడు. "అందరికీ పంచావు సరే. మనకేమైనా మిగిలిందా బావా?"

"ముందు నువ్వెక్కవయ్యా. పల్లం దారిన పోదాం, అటు చూడ్డానికి బాగుంటుంది."

పల్లం ఉన్నంతసేపూ కారు హాయిగా పోయింది. పల్లం అయిపోయిన చోట ఆగిపోయింది. అది పెట్రోలు బంకు ముంగిలి. అక్కడ బారులు తీరిన బండ్లవాళ్లు బాబాయి వరస తప్పి ముందుకొచ్చాడని మండిపడ్డారు.

"మాకు పెట్రోలు అక్కర్లేదండీ," అన్నాడు బాబాయి.

"అక్కర్లేనివాడివి అడ్డంగా ఎందుకాపావు?"

బాబాయి తలొంచుకున్నాడు. పందెం పోయింది, ఇక నోటికి తాళమే. అప్పుడే బంకు మేనేజరు పరుగున వచ్చి, ఆశగా కారు అద్దం తట్టాడు.

"ఇలాంటి కారులోంచి కరెంటు తియ్యొచ్చటగా? మా జనరేటరు చెడిపోయింది. కరెంటు లేందే పంపులు కదలవండీ. కాస్త ఇవ్వరూ?"

బావమరిది ఆ బారు వంక చూశాడు. "అంటే పెట్రోలు పొయ్యాలన్నా కరెంటే కావాలా?"

"మరి?" అన్నాడు మేనేజరు.

"అయితే ఆ కరెంటేదో ఇంట్లోనే ఎక్కించుకోక, ఇంతదూరం వచ్చి నిలబడ్డం దేనికి?" అంటూ కారు దిగాడు. ఆ ముక్కే బారులో మొదటివాడికి చెప్పాడు, తర్వాత రెండోవాడికి. కరెంటు వచ్చి, మేనేజరు జాలిపడి తన గదిలోంచి తీగ ఇచ్చేవేళకి చివరివాడి దగ్గరున్నాడు. అటునుంచటే వెళ్లి ఎలక్ట్రిక్ కారుకి డబ్బు కట్టేశాడు.

బాబాయి ఎగిరి గంతేసినంత పనిచేశాడు. ఆ సాయంత్రం భోజనాల దగ్గర బావా బావమరుదులిద్దరూ ఒకరి మాటకొకరు అడ్డం పడుతూ బ్యాటరీ గురించే మాట్లాడుకున్నారు. బాబాయి భార్య తన కంచం తీసుకుని వంటింట్లోకి వెళ్లిపోయింది.

మర్నాటినుంచి ఆవిడ ఎక్కడికి వెళ్లినా నడిచే వెళుతోంది.