మావగారికి పురుగుల మందు

ఆ ఉదయం మేనేజరు వేసుకున్న పథకం చాలా చిన్నది. మావగారు వస్తారు, గుర్రాలను చూస్తారు, టీ తాగుతారు, వెళ్ళేటప్పుడు "ఫరవాలేదు బాబూ, మంచి పనే చేస్తున్నావు" అని ఒక్క మాట అంటారు. బ్యాంకు ఉద్యోగం వదిలేసి, రిటైరైన గుర్రాలనూ దెబ్బలు తిని దిక్కులేకుండా మిగిలిన గుర్రాలనూ చేర్చుకునే ఈ ఆశ్రమానికి వచ్చినప్పటినుంచీ అతను ఆ ఒక్క మాట కోసమే ఎదురుచూస్తున్నాడు. ఆయన మాత్రం ఇన్నేళ్ళలో ఒక్కసారీ గేటు దాటి లోపలికి రాలేదు. అలాంటిది నిన్న కూతురికి ఫోను చేసి, తనంతట తానే వస్తానన్నారు.

అంతా బాగానే ఉంది. చిక్కల్లా పోలీసు గుర్రం పేరుతోనే వచ్చింది.

జీవితమంతా ఊరేగింపుల్లో జనాన్ని అదిలించి రిటైరైన గుర్రం అది. వచ్చిన రోజున కొట్టంలో అడుగుపెట్టి, నాలుగు మూలలూ వాసన చూసి, తొట్టిలో నీళ్ళకేసి ఈసడింపుగా ఒక చూపు చూసి, గోడవైపు తిరిగి నిలబడింది. దాణా పెడితే మొదటి పిలుపుకు తల తిప్పలేదు. రెండోసారి బతిమాలాక, ఏదో మన మొహం చూసి తింటున్నట్టు తిన్నది. "అచ్చం మా మావగారే!" అని మేనేజరు నోరు జారాడు. ఆ మాట దాణా వేసే మనిషి చెవిన పడింది. అతనికి చిన్నగా మాట్లాడడం పుట్టుకతోనే రాలేదు గనక అందరూ అతన్ని మైకు అంటారు. సాయంత్రానికల్లా గుర్రం పేరు మావగారు అయి కూర్చుంది. పేరు చివర 'గారు' ఉన్న పాపానికి దాన్ని 'అది' అనడానికి ఎవరికీ నోరు రాలేదు. మావగారు తిన్నారు, మావగారు దొర్లారు, మావగారు లద్దె వేశారు. ఇదీ వరస. గుర్రం కూడా ఆ పేరుకు తప్ప మరిదేనికీ పలకదు. ఈ సంగతి భార్య చెవిన పడకుండా మేనేజరు ఇన్నాళ్ళూ నెట్టుకొచ్చాడు.

"ఇదిగో, ఇవాళ ఆయన పేరు రాజావారు," అన్నాడు పొద్దున్నే మైకును పక్కకు పిలిచి.

"ఎందుకు సార్? మావగారికేం తక్కువైందని?"

"బయటివాళ్ళు వస్తున్నారు. వింటే బాగోదు."

"బయటివాళ్ళ ముందు రాజావారు. మనలో మనకి మావగారు. అంతేగా సార్?"

"మెల్లగా అనవయ్యా!"

"మెల్లగానే అంటున్నా సార్!" అని మైకు అరిచాడు. గడ్డివామి మీది పిచ్చుకలు లేచిపోయాయి.

వచ్చేది అసలు మావగారేనని చెబితే సరిపోయేది. సిగ్గేసి చెప్పలేదు.

మావగారు కోర్టు గుమాస్తాగా రిటైరయ్యారు. కేసుల కాగితాలు చదివి చదివి, ఎదుటివాడు దగ్గినా ఎందుకు దగ్గాడా అని ఆలోచించడం అలవాటైన మనిషి. కూతురితో ఆటో దిగి, ఆఫీసు గదిలోకి వచ్చి, నాలుగు మూలలూ చూసి, కుర్చీ దుమ్ము చేత్తో తుడిచి కూర్చున్నారు. మేనేజరు అరటిపళ్ళు ముందు పెట్టాడు. మొదటిసారి వద్దన్నారు. రెండోసారి బతిమాలితే, అల్లుడి మొహం చూసి తిన్నట్టు రెండు తిన్నారు. మేనేజరు ఆయన్ని అలా చూస్తూ ఉండలేక, టీ సంగతి చూస్తానని బయటికి వెళ్ళిపోయాడు. భార్య అప్పటికే కుంటి గుర్రప్పిల్లను చూడడానికి వెళ్ళింది.

ఆఫీసు గదికి ఆనుకునే దాణా గది. మధ్య కిటికీ తెరిచే ఉంది. అక్కడ మైకు గుర్రాల డాక్టరుతో ఫోనులో మాట్లాడుతున్నాడు.

గుర్రాల కడుపులో పురుగులు పోవడానికి పెట్టే మందును అక్కడివాళ్ళు పొట్టిగా పురుగుల మందు అంటారు. ఈ పొట్టిమాట కోర్టు గుమాస్తాకు తెలియదు. ఆయనకు తెలిసిన పురుగుల మందు చేలమీద కొట్టేది, ఆ తర్వాత కేసుల కాగితాల్లో కనిపించేది. గుర్రాలకు పెరిగిన పళ్ళను ఆకురాయితో అరగదీస్తారన్న సంగతీ ఆయనకు తెలియదు.

"డాక్టరుగారూ, మావగారికి పెట్టేశామండీ పురుగుల మందు!" అంటున్నాడు మైకు. "ఉత్తగా ఇస్తే ఉమ్మేస్తారు కదండీ, అరటిపండులో కుక్కి పెట్టాం. ఏమాత్రం అనుమానం రాలేదు! మొదట మూతి తిప్పుకున్నారు. మా సారు దగ్గరుండి బతిమాలితే లొట్టలేసుకుంటూ తిన్నారు... సాయంత్రానికల్లా తేలిపోతుందంటారా? సరే సరే. ఇక రేపు పళ్ళ పని ఉందిగా, నలుగురిని పిలుస్తా. మత్తు సూది పొడిచి, నోరు పెగలదీసి పట్టుకుంటే మీ ఆకురాయి మీరు ఆడించుకోవచ్చు!"

అటువైపు గదిలో మావగారి చేతిలోంచి అరటితొక్క జారిపోయింది. సాయంత్రానికి తేలిపోయే మనిషికి రేపు పళ్ళ పని ఏమిటి? ఆయన నాలుక తనంతట తానే వెళ్ళి దవడలోని బంగారు పన్నును తడిమింది. దాంతో కేసు మొత్తం అర్థమైపోయింది. కడుపులో అప్పటిదాకా లేని తిప్పుడు మొదలైంది.

గోడలు పట్టుకుంటూ వసారాలోకి వచ్చి, బెంచీమీద వాలిపోయి, ఎదురొచ్చిన కూతురి చెయ్యి పట్టుకున్నారు.

"అమ్మాయీ, నా పని అయిపోయింది. నీ మొగుడు అరటిపండులో పురుగుల మందు పెట్టాడు. పన్ను కోసం."

"ఏ పన్ను నాన్నా? ఇంటిపన్నా?"

"నోట్లో పన్నే తల్లీ!"

ఆమెకు నవ్వొచ్చింది. కానీ తండ్రి నుదుటి మీద చెమట చూసి నవ్వు ఆగిపోయింది. దాణా గది దగ్గరికి పరుగెత్తి మైకును నిలదీసింది. సారుగారి భార్య బయటి మనిషి కాదు గదా అనుకుని, మైకు ఉన్నమాటే చెప్పాడు. "అవునమ్మా, మావగారికి పురుగుల మందు నా చేత్తోనే పెట్టా. సార్ చెబితేనే పెట్టా!"

మేనేజరు టీ పళ్ళెంతో ఎదురొచ్చాడు.

"ఏమండీ, మావగారికి పురుగుల మందు పెట్టించింది మీరేనట. మైకు చెబుతున్నాడు. నిజమేనా?"

భార్య నోట మావగారు అన్న పేరు వినగానే మేనేజరుకు పై ప్రాణాలు పైనే పోయాయి. ఇన్నాళ్ళ గుట్టు బయటపడిందనుకుని తల దించేశాడు.

"నిజమే. నన్ను క్షమించు. ఏదో సరదాకి మొదలెట్టాను."

"సరదాకా!"

"మొదట్లో సరదాకే. తర్వాత అందరికీ అలవాటైపోయింది."

"అందరికీ తెలుసా ఈ సంగతి?"

"డాక్టరుకి కూడా తెలుసు. నీకే చెప్పలేదు. మీ నాన్నకి తెలిస్తే బాధపడతారని..."

"బాధపడ్డానికి ఆయన ఉండొద్దూ!" అని ఆమె గొంతు చించుకుంది. "నిలబడి చూస్తారేం? ముందు కక్కించండి!"

"కక్కడమా?" అన్నాడు, గుర్రాలకు వాంతులే రావని ఎరిగిన మేనేజరు. "అది జరిగే పని కాదే. వాళ్ళ వంశంలోనే ఎవరికీ కక్కు రాదు."

"ఇప్పుడు మా వంశాన్ని కూడా అంటున్నారా?"

ఆమె ఏడుస్తూ వసారాలోకి పరుగెత్తింది. మేనేజరు పళ్ళెం వదలకుండా వెనకే పరుగెత్తాడు. బెంచీమీద మావగారు కళ్ళు మూసుకుని పడుకున్నారు. అల్లుడి అడుగుల చప్పుడు విని, చెయ్యి చాపి అతని చెయ్యి పట్టుకున్నారు. కేకలెయ్యలేదు, తిట్టలేదు. అదే మేనేజరుకు వింతగా తోచింది.

"నీ తప్పేం లేదు బాబూ," అన్నారు నీరసంగా. "నా మీద నీకు కసి ఉండడం న్యాయమే. పోయేముందు చెప్పేస్తాను, విను. మా అల్లుడు గుర్రాల లద్దె ఎత్తుతాడని చెప్పుకోవడానికి నాకు సిగ్గేసింది. మా వీధిలో అందరికీ ముసలివాళ్ళ ఆశ్రమం నడుపుతున్నాడని చెప్పాను. రిటైరైనవాళ్ళని చేర్చుకుని ఆఖరిదాకా చూసుకుంటాడని చెప్పాను."

"అది నిజమే కదండీ?" అన్నాడు మేనేజరు అయోమయంగా.

"రిటైరైనవాళ్ళు ఎవరన్నది చెప్పలేదు."

మేనేజరు టీ పళ్ళెం నేలమీద పెట్టాడు. అల్లుడి చెయ్యి వదలకుండానే మావగారు మిగతాది కూడా చెప్పారు. "నిన్ను చూడ్డానికి రాలేదు బాబూ. ఒక చిక్కొచ్చిపడింది. అది చెబుదామని వచ్చి, ఎలా చెప్పాలో తెలియక..."

అప్పుడే మూల తిరిగి మైకు వచ్చాడు. మందు వేశాక కాసేపు నడిపించాలి గనక గుర్రాన్ని పట్టుకొస్తున్నాడు.

"మావగారూ! ఇటు రండి మావగారూ!"

"వస్తున్నానయ్యా," అన్నారు బెంచీమీది మనిషి, ఎటు పోవాలో తెలియకపోయినా లేవబోతూ.

గుర్రం గట్టిగా సకిలించింది.

మావగారు గుర్రాన్ని చూశారు, మైకును చూశారు, అల్లుడిని చూశారు. కడుపులో తిప్పుడు ఎలా వచ్చిందో అలాగే పోయింది. అందరికీ అంతా అర్థమైపోయింది, కానీ మైకుకు సగంలో ఆపే అలవాటు లేదు.

"సారు పెట్టిన పేరేనండీ! అచ్చం వాళ్ళ మావగారి బుద్ధులేనట! మూతి తిప్పుకోడం, బతిమాలించుకోడం... అన్నట్టు తమరెవరండీ?"

మేనేజరుకు నేల బీటలు వారితే బాగుండుననిపించింది. భార్య కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. అది ఏడుపో నవ్వో అతనికి తెలియలేదు, తల ఎత్తితే గదా తెలిసేది. ఇప్పుడు ఈయన లేస్తారు, కోర్టుభాషలో కడిగేస్తారు, కూతుర్ని వెంటబెట్టుకుని వెళ్ళిపోతారు అనుకుంటూ నిలబడ్డాడు. మైకు గుర్రాన్ని మేతకు నడిపించుకుపోయాడు, అయినా ఎంతకీ తిట్టు పడలేదు. ఓరగా చూస్తే, మావగారు కూడా తన చెప్పులకేసే చూస్తూ కూర్చున్నారు. చచ్చిపోతున్నాననుకుని చెప్పిన మాటలు, బతికున్నాక వెనక్కి తీసుకోవడానికి కోర్టులో కూడా దారి లేదు.

"మావయ్యగారూ," అన్నాడు మేనేజరు చివరికి, నేలనే చూస్తూ, "ఏదో చిక్కు అన్నారు."

"మా పక్కింటి హెడ్మాస్టరు," అన్నారు ఆయన, ఆయనా నేలనే చూస్తూ. "నా మాట నమ్మి గది ఖాళీ చేసేశాడు. ఇక్కడ చేరడానికి ఈ పూటే బయల్దేరతానన్నాడు."

గేటు దగ్గర ఆటో హారను మోగింది.

పరుపుచుట్ట, రేకుపెట్టె దించుకుని తెల్లచొక్కా పెద్దమనిషి లోపలికి వచ్చి, మేనేజరు రెండు చేతులూ పట్టుకున్నారు. "మీరేనా బాబూ? మీ మావగారు మిమ్మల్ని పొగడని రోజు లేదంటే నమ్మండి. కొడుకులు కూడా అలా చూసుకోరంటారు!"

ఇన్నేళ్ళుగా ఎదురుచూసిన మాట అది. ఎదురుగా వచ్చి నిలబడితే, దాన్ని ఏ మొహం పెట్టుకుని తీసుకోవాలో మేనేజరుకు తెలియలేదు. పక్కన మావగారికి ఎక్కడలేని దగ్గు వచ్చింది. ఎందుకు దగ్గుతున్నారో ఈసారి ఎవరూ ఆలోచించనక్కర్లేకపోయింది.

ఇద్దరిలో ఎవరో ఒకరు నోరు విప్పేలోపే హెడ్మాస్టరు కొట్టాలవైపు నడిచారు. గుర్రాలన్నీ మేతకు వెళ్ళాయి. కడిగిన గచ్చు, ఆరబెట్టిన గడ్డి, వరసగా గదులు, గది గదికీ పేరు రాసిన పలక. ఆయన ఒక్కొక్కటీ తొంగిచూస్తూ, తృప్తిగా తల ఊపుకుంటూ చివరిదాకా వెళ్ళి వెనక్కి తిరిగారు.

"గాలీ వెలుతురూ బ్రహ్మాండంగా ఉన్నాయి గానీ బాబూ, తలుపులు సగమే పెట్టించారేం?"